గడప మీద పచ్చ చుక్క

ఒకటి. తెడ్లు కడిగి పెట్టాక

నా పేరు బూదవ్వ. కింది వరస సొరంగంలో పాచి తొట్టెలు కలిపీ కలిపీ ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు భుజం లేవదు కాబట్టి, కలిపేవాళ్లను తిట్టడం నా పని. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది తారీఖు కమిటీ పంపిన శశిరేఖ. నా మాటను పుస్తకాల తెలుగులోకి సర్దుకుంటానంది. సర్దుకో, కానీ మనుషులు మాట్లాడుకున్నవి మాట్లాడుకున్నట్టే ఉండాలి, తిట్లతో సహా అన్నాను.

"అవ్వా, కమిటీ సార్లు చదువుతరు," అంది.

"వాళ్లకే గదనే తిట్లు," అన్నాను.

ఇక విషయం. మా గడ్డ మీద కంపెనీతో పోరాటం రేవు వాళ్లు గేటు మూసిన రోజున మొదలైందని బడిలో చెబుతున్నారు. కాదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, మా కింది వరసలో, నా కూతురు సోమలక్ష్మి ఇంటి గడప మీద మొదలైంది. ఇదే నా వాదన.

ఎప్పుడు మొదలైతే నీకేంటి ముసలిదానా, కంపెనీ పోయింది కదా అంటారేమో. నాకేంటో చెబుతాను. కొత్త సర్కారు తారీఖు చట్టం తెచ్చింది. పోరాటం మొదలైన తారీఖు తర్వాత కంపెనీ వేసిన శిక్షలేవీ చెల్లవు. ముందు వేసినవి చెల్లుతాయి. నా బిడ్డకు వేసిన శిక్ష ముందుది. కాబట్టి సోమలక్ష్మి ఇవాళ్టికీ గాలి దొంగే.

మాలో మనిషి పోతే తొట్టెలో కలుపుతాం. మనిషి పాచికి ఎరువవుతుంది, పాచి గాలినిస్తుంది, ఆ గాలిని మిగిలినవాళ్లం పీలుస్తాం. మా అమ్మను నేను రోజూ పీలుస్తున్నాను. దొంగలను మాత్రం కలపకూడదని కంపెనీ నియమం పెట్టింది. వాళ్లను ప్రాణంతోనే బయటి తలుపు అవతలికి పంపేది. అక్కడ గాలి ఉండదు. మంచు మైదానం, పైన చారల చారల పెద్దాయన, అంతే. పెద్దాయన అంటే మా గడ్డ ఏ మహా గోళం చుట్టూ తిరుగుతుందో అది. అక్కడ పడినవాళ్లు పడినట్టే ఉంటారు, చెడరు, కరగరు. దాన్ని దొంగల దిబ్బ అంటాం. కంపెనీని వెళ్లగొట్టిన సర్కారు ఆ నియమాన్ని మాత్రం వెళ్లగొట్టలేదు.

విడుదల పండుగ కాగానే ఆ దిబ్బను యంత్రాలతో చదును చేసి, ఓడలు దిగే మైదానం వేస్తారట. ఆలోపు కమిటీ తారీఖును వెనక్కి జరపాలి. జరిపితే బిడ్డను తెచ్చి తొట్టెలో కలుపుకుంటాను, జరపకపోతే నా బిడ్డ మీద ఓడలు దిగుతాయి.

శశిరేఖ చెయ్యి నొస్తోందంటోంది. రోజంతా తెడ్డు పట్టినదాని ముందు ఆ మాటంటోంది. సరే, ఇవాళ్టికి చాలు.

రెండు. పాచి వడకట్టిన పూట

నేనూ నా మనవరాలు సువర్ణ బట్టకు చెరో కొస పట్టుకుని రొట్టెల కోసం పాచి పిండుతున్నాం. సువర్ణ సోమలక్ష్మి బిడ్డే. నేను ఇదంతా రాయించడం దానికి గిట్టదు.

"మళ్ల మొదలువెట్టినవా అవ్వా? చిన్నప్పటి సంది దొంగగాలి, దొంగగాలి అని పిలిపించుకున్న. ఇగ పుస్తకంల గూడ ఎక్కాల్నా?"

"నీ గురించి కాదే. మీ అమ్మ గురించి."

"మా అమ్మ గురించంటే నా గురించి కాదా?" అని బట్టను ఒక్క మెలి తిప్పింది. పచ్చ నీళ్లు శశిరేఖ మీద చిందాయి. అది కాగితం తుడుచుకుని రాస్తూనే ఉంది. మంచి పిల్ల.

జరిగింది చెబుతాను. మాలో బిడ్డ పుడితే కొత్త తొట్టె పెడతాం. తల్లి తొట్టెలోంచి చిటికెడు పాచి తీసి, పాలకు తోడు వేసినట్టు కొత్త నీళ్లలో వేస్తాం. ఆవు పాలు నేను కళ్లతో చూడలేదు, మాట మాత్రం మిగిలింది. నీళ్లు పచ్చబడేదాకా బిడ్డకు పేరుండదు. పచ్చబడిన రోజున ఆ పాచి వేలితో తీసి బిడ్డ నుదుట ఒక చుక్క, ఇంటి గడప మీద ఒక చుక్క పెట్టి పేరు పిలుస్తాం. గడప మీద పచ్చ చుక్క ఉంటే ఆ ఇంట్లో కొత్త ఊపిరి వచ్చిందని అర్థం.

కంపెనీ వచ్చాక కొత్త తొట్టె పెట్టాలంటే పర్మిట్ కావాలంది. సోమలక్ష్మి నిండు చూలాలుగా ఉండగా దాని మొగుడు మంచు తవ్వకంలో పోయాడు. పని చేసే మగవాడు లేని ఇంటికి కొత్త ఊపిరి లేదని ఆఫీసు చెప్పేసింది. బిడ్డ పుడితే తల్లి గాలిలోనే పంచుకోవాలట. ఒక మనిషి గాలి ఇద్దరు పంచుకుంటే ఏమవుతుందో మా సొరంగంలో అందరికీ తెలుసు. మెల్లగా ఇద్దరూ పోతారు.

సోమలక్ష్మి పగిలిన నీళ్ల డ్రమ్ము ఒకటి తెచ్చి, అతుకు వేసి, పైపుల వెనక దాచింది. చిటికెడు తోడు వేసింది. నీళ్లు ఎక్కడివి? మా వరసలో ప్రతి ఆడది తను తాగే నీళ్లలోంచి చెంబుడు తెచ్చి పోసింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు. పోయడం, మూతి తుడుచుకోవడం, తాగినట్టు పోవడం. మా వరసంతా ఒక్క అబద్ధం మీద నిలబడింది. పోరాటమంటే ఇంకేముంటుంది?

నీళ్లు పచ్చబడ్డాయి. సువర్ణ అని పేరు పెట్టాం. సోమలక్ష్మి బిడ్డ నుదుట చుక్క పెట్టింది. నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపు గడప మీద కూడా పెట్టింది. ఆ చుక్కే పట్టిచ్చింది. పర్మిట్ లేని ఇంటి గడప మీద పచ్చ చుక్క! ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, చూశాడు, పైపుల వెనక వెతికాడు. తొట్టె నా ఒక్కదానిదే అంది సోమలక్ష్మి. మిగతా ఎవరి పేరూ చెప్పలేదు.

అలవాటుతో చెయ్యి గడప మీదికి పోయింది పిచ్చిదానికి. ఆ ఒక్క చుక్క పెట్టకపోతే ఇవాళ నా పక్కన కూర్చుని బట్ట పిండేది. దాన్ని తలచుకున్నప్పుడల్లా ముందు ఏడుపు రాదు నాకు, కోపం వస్తుంది. ఇది కూడా రాయి శశిరేఖా.

మూడు. కమిటీ గదిలో

కమిటీ గదిలో కుర్చీలున్నాయి. నేను నేల మీదే కూర్చున్నాను, కుర్చీలో కూర్చుంటే నాకు కోపం సరిగ్గా రాదు.

అక్కడ ముగ్గురు మూడు తారీఖులు పట్టుకుని కొట్టుకుంటున్నారు. రేవు వాళ్లది గేటు మూసిన రోజు. పై వరస వాళ్లది వాళ్ల పెద్దలు కంపెనీకి మొట్టమొదటి వినతిపత్రం రాసిన రోజు, అది గేటుకు ఏడాది ముందు. ఇంకొకాయన లేచి, కంపెనీ పెట్టిన నంబరుతో పిలవకుండా మన తాతలు దీన్ని 'మా గడ్డ' అని పిలిచిన రోజే మొదలు అన్నాడు. "ఆ రోజేదో చెప్పు మరి" అంటే చెప్పలేక కూర్చున్నాడు.

కమిటీ పెద్ద వైకుంఠం సార్. చరిత్ర చెప్పే ఆయన. గేటు మూసేటప్పుడు దాని కింద నలిగిపోయిన యాదగిరి ఆయన అన్న. కాబట్టి ఆయన్ను తేలిగ్గా తిట్టడానికి నాకు నోరు రాదు.

"బూదమ్మ గారూ, మీ దుఃఖం నాకు తెలుసు," అన్నాడు. "కానీ ఒక్క మాట చెప్పండి. సోమలక్ష్మి గారు చేసింది గడ్డ కోసమా, బిడ్డ కోసమా?"

"బిడ్డ కోసం."

"ఒప్పుకున్నరు గదా."

"ఒప్పుకునుడేంది సార్? మీ అన్న ఎవరి కోసం గేటు మూసిండు? ఆకాశం కోసమా? ఆయనకూ పిల్లలున్నరు. మీ వదినెను అడుగు."

గదిలో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మా అన్న గేటు మీద నిలబడి, ఈ గడ్డ మాది అని అరిచిండు. అందరూ విన్నరు. పోరాటం అంటే అది. దాచుకొని చేసేది బతుకుదెరువు. తప్పని నేను అనను. కానీ ఆకలికి రొట్టె దొంగిలించినోడిని కూడా పోరాడినోడే అంటే, కంపెనీ వచ్చిన మొదటి రోజు నుంచే రాసుకోవాలె."

"గేటు మూసినంక కంపెనీ గాలి బంద్ జేసింది. రేవుల ఉన్నోళ్లు ఆ నెలలన్ని ఎవరి గాలి పీల్చిన్రు సార్?"

ఆయనకు తెలుసు. సోమలక్ష్మి పోయిన రోజున కంపెనీ ఆ డ్రమ్మును ఒలకబోసింది. ఒలకబోసేలోపే మా ఆడవాళ్లు తలా ఇంత తోడు చెంబుల్లో ఎత్తుకున్నారు. ఆ తోడుతో ఒక్కో పైపు వెనకా ఒక్కో దొంగ తొట్టె లేచింది. సువర్ణ ఆ గాలితోనే బతికింది. రేవు నిలబడింది కూడా ఆ గాలితోనే.

"కింది వరస సహకారం పుస్తకంలో ఉంది," అన్నాడు సార్. "కానీ సహకారం వేరు, ఆరంభం వేరు. ఆరంభానికి ఒక మాట కావాలె. నలుగురి ముందు, నేను తలవంచను అని చెప్పిన మాట. సోమలక్ష్మి గారు దాచింది. చుక్క పెట్టుడు కూడా పొరపాటని మీరే రాయించిన్రు."

నా మాటతో నన్నే కొట్టాడు. శశిరేఖ వైపు చూశాను. అది కాగితంలోకి తల దూర్చింది.

నాలుగు. తొట్టెల దగ్గర

వైకుంఠం సార్ ఒక్కడే వచ్చాడు. చెప్పులు విప్పి తొట్టెల మధ్యకు నడిచాడు. మా దగ్గర తొట్టె ఆగకుండా కలపాలి, లేకపోతే పాచి అడుగున పేరుకుని కుళ్లిపోతుంది. అందుకే ఒకరు తెడ్డు దించగానే పక్క తొట్టె మనిషిని అడుగుతారు, "కలిపినవా?" అని. "కలిపిన" అని జవాబు రావాలి. రాకపోతే పరుగెత్తుకుని వెళ్లి చూస్తారు, మనిషి స్పృహ తప్పి పడిపోయిందేమోనని. ఆ పిలుపులు వింటూ కాసేపు నిలబడ్డాడు.

"అమ్మా, నేను పగవాణ్ని కాదు," అన్నాడు. "తలుపు బయటికి పంపేటప్పుడు ఆమె ఏమన్నా అన్నదా? ఒక్క మాట. 'ఈ గాలి మాది' అన్నదనుకోండి. మీరు చెప్తే, శశిరేఖ రాస్తే, నేను కమిటీలో నిలబెడ్త. తారీఖు జరుగుతది."

ఏం చెప్పమంటున్నాడో నాకు అర్థమైంది. దయతోనే చెప్పాడు. అందుకే ఎక్కువ మంటెక్కింది.

ఆయన వెళ్లాడు. తర్వాత రాయి అన్నాను. రాయి శశిరేఖా: తలుపు దగ్గర నా బిడ్డ చెయ్యెత్తి, ఈ గాలి మాది, ఈ గడ్డ మాది అంది.

శశిరేఖ రాసింది. మళ్లీ చదివి వినిపించమన్నాను. వినిపించింది. వింటుంటే ఆ మాటలంటున్న మనిషి ఎవరో నాకు తెలియలేదు. సోమలక్ష్మి అలా మాట్లాడేది కాదు. చెయ్యెత్తితే ఎవరినో కొట్టడానికే ఎత్తేది. ఈ మాటలతో లోపలికి తెస్తే నేను తెచ్చేది ఇంకెవరినో.

కొట్టెయ్ అన్నాను. కొట్టేశానంది. నిజంగా కొట్టేసిందో లేదో నాకెలా తెలుస్తుంది, అక్షరం ముక్క రాదు కదా.

అసలు మాట ఇది. తలుపు మధ్యలో మందపాటి అద్దం. అవతల సోమలక్ష్మి, ఇవతల నేను. మాట వినపడటానికి గోడలో ఒక గొట్టం. అది అద్దానికి మొహం ఆనించి అడిగింది:

"అమ్మా, తొట్టె కలిపినవా?"

నేను నోరు తెరిచేలోపు ఇన్‌స్పెక్టర్ గొట్టం మూసేశాడు. ఓదెలు అవతలి తలుపు తెరిచాడు. అంతే. అదే నా బిడ్డ ఆఖరి మాట. కమిటీకి పనికొస్తే వాడుకోండి.

అయిదు. బయటి తలుపు దగ్గర

"ఓదెలు ఎవరవ్వా?" అని శశిరేఖ అడిగింది.

ఓదెలు మావాడే. కంపెనీ కాపలావాడు. తలుపు తెరవమంటే తెరిచినవాడు. ఇప్పుడూ ఆ తలుపు పక్క గదిలోనే ఉంటాడు, తలుపు రబ్బర్లకు నూనె రాస్తూ. కింది వరస వాళ్లెవరూ అతన్ని "కలిపినవా" అని పలకరించరు. నేనైతే మొహమే చూడను.

"ఆయన అక్కడున్నడు గదా. సాక్ష్యం ఆయన చెప్పొచ్చు గదా."

"వాని సాక్ష్యం నాకెందుకే? వాని నోట్లె నా బిడ్డ పేరు రావద్దు."

సువర్ణ తెడ్డు ఆపింది. "మరి మా అమ్మ మీద ఓడలు దిగనియ్యి," అంది. "నీ రోషం నీకుంటది."

ఇది నాకు పుట్టినదానికి పుట్టింది కదా, నోరు అలాగే ఉంటుంది.

వెళ్లాను. ఓదెలు లేవబోయాడు, లేవలేకపోయాడు. నాకంటే చిన్నవాడే, నాకంటే ముసలివాడైపోయాడు.

"కూసో బూదక్కా."

"నీ దగ్గర కూసునేటందుకు రాలే. నా బిడ్డ నాడు ఏమన్నా అన్నదా, నాకు ఇనవడనిది?"

నూనె గుడ్డను వేళ్లకు చుట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "నాడు కాదు. అంతకు ముందు అన్నది."

"అంతకు ముందేంది?"

"గడప మీద చుక్క ముందుగాల చూసింది ఇన్‌స్పెక్టర్ గాదక్కా. నేను. మీ వరసల తిరిగే డ్యూటీ నాది. చూసిన. మోకాళ్ల మీద కూసొని నా అంగీతోని తుడిచిన. మల్ల డ్యూటీకి వచ్చి చూస్తే మల్ల ఉన్నది. మల్ల తుడిచిన. మూడోసారి నేను తుడుస్తాంటే తలుపు తీసింది."

నేను కూర్చున్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు.

"బిడ్డా, పెట్టకు, నీ కాళ్లు మొక్కుత, తొట్టె ఉంచుకో, చుక్క వద్దు అన్న. నీళ్లు మీరు పోస్తున్న సంగతి నాకు ఎర్కనే, చూడనట్టే పోతున్న, ఇది మాత్రం వద్దు అన్న. బిడ్డ చంకల ఉన్నది. నవ్వింది సోమలక్ష్మి. 'మామా, దీనికి పేరు పెట్టినం. పేరున్న పిల్లను గడప లేనట్టు పెంచాల్నా? నువ్వు తుడువు, నేను పెడ్త. ఎవరి పని వాళ్లది' అన్నది. నేను చూస్తాంగనే వేలు ముంచి మల్ల పెట్టింది. అప్పటికే ఇన్‌స్పెక్టర్ అడుగుల చప్పుడు ఇనవడ్తాంది."

అలవాటుతో చెయ్యి పోయిందనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ చేతినే తిట్టాను. చెయ్యి దానంతటది పోలేదు. అది తెలిసి పెట్టింది. తుడిచిన ప్రతిసారీ తెలిసి పెట్టింది.

"ఇది ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు నాతోని మాట్లాడినవా?"



శశిరేఖ రాయడం ఆపి, "ఓదెలు తాతా, నీకు చట్టం తెలుసా?" అంది. నాకు కూడా అప్పుడే చెప్పింది. తారీఖు చట్టానికి రెండో వైపు ఉందట. పోరాటం మొదలయ్యాక కంపెనీ కాపలాలో, ఆఫీసులో పని చేసినవాళ్లు ద్రోహులు. ద్రోహి చచ్చిపోతే తొట్టెలో కలపరు, బయటే. తారీఖు గేటు దగ్గరే ఉంటే ఓదెలుకు ఏ ఇబ్బందీ లేదు, గేటు మూసేనాటికి అతను కొలువు మానేశాడు. సోమలక్ష్మి దగ్గరికి జరిగితే అతను మొదటి ద్రోహి.

"ఎర్కనే బిడ్డా," అన్నాడు. "సోమలక్ష్మి లోపలికొస్తె నేను బయటికి పోత. తలుపు కాడ బతికినోన్ని, దూరం ఎక్కువేం లేదు."

ఆరు. మళ్లీ కమిటీ

ఓదెలును సువర్ణ పట్టుకుని నడిపించింది. కమిటీ ముందు అంతా చెప్పాడు. తుడవడం చెప్పాడు, తలుపు తెరవడం కూడా దాచకుండా చెప్పాడు.

నేను అన్నాను, "సార్, మీరు మాట అడిగిన్రు. ఇగో మాట. నువ్వు తుడువు, నేను పెడ్త. కంపెనీ కాపలావాని మొకం మీద అన్నది. నలుగురు కాదు, ఒక్కడే ఇన్నడు, ఒప్పుకుంట. కానీ చుక్క వరసంత చూసింది."

వైకుంఠం సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది మాటే అన్నాడు. గేటు మీద మా అన్న అన్నదానికంటే చిన్నది కాదు అన్నాడు. గెలిచాననుకున్నాను.

అప్పుడు పై వరస పెద్దలు లేచారు. వినతిపత్రం రాసినవాళ్ల కొడుకులు. "తొమ్మిదేండ్లు వెనక్కి జరిపితే, ఆ తొమ్మిదేండ్లు కంపెనీ ఆఫీసుల రాసుకున్న మా నాయిన ద్రోహా?" అని ఒకడు. "మా తాతను తొట్టెలకెల్లి తీసి బయట పారేస్తరా?" అని ఇంకొకడు. "కలిసినోన్ని ఎట్ల తీస్తవురా, పీల్చేసినం గదా" అని రేవు వాళ్లు. బల్లలు గుద్దుకున్నారు. నా బిడ్డ గడప దగ్గర్నుంచి వాళ్ల తాతల జీతాల దగ్గరికి ఎలా వెళ్లిందో మాట, నాకు తెలియనే లేదు.

ఆఖరుకు తీర్మానం చదివారు. విషయం లోతైనది, పండుగ తర్వాత ఇంకో చిన్న కమిటీ వేసి పరిశీలిస్తారట.

"పండుగైనంక దిబ్బ ఉండదు గద సార్," అన్నాను.

వైకుంఠం సార్ నా మొహం చూడలేకపోయాడు. "యంత్రాలు రేవు శాఖవి అమ్మా. మా చేతుల లేవు," అన్నాడు. ఇదే మాట కంపెనీ వాళ్లు కూడా చెప్పేవాళ్లు, ఎప్పుడూ ఎవరి చేతుల్లోనూ ఏదీ ఉండేది కాదు.

గది బయట ఓదెలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇగ ఏం జేద్దామక్కా?" అన్నాడు.

'చేద్దాం' అన్నాడు. 

ఏడు. పండుగ రోజు

పై వరసలో డప్పులు మోగుతున్నాయి. ఇది చెబుతుంటే శశిరేఖ ముక్కు ఎగబీలుస్తోంది. కాగితం తడిపితే మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తానన్నాను.

అందరూ జెండా దగ్గరికి వెళ్లారు. మేము తలుపు దగ్గరికి వెళ్లాం. సువర్ణ మంచు తవ్వేవాళ్ల తొడుగు వేసుకుంది, మొగుడి తొడుగు, దానికి వదులు. కింది వరస ఆడవాళ్లు పండుగ మానేసి వచ్చి వరసగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, చెంబుడు నీళ్లు తెచ్చిన రోజున కూడా ఎవరూ పిలవలేదు.

అప్పుడు వైకుంఠం సార్ వచ్చాడు. పండుగ బట్టల్లో, రొప్పుతూ.

"బూదమ్మ గారూ, తారీఖు జరగకముందే దొంగలని రాసినోళ్లను లోపలికి తెస్తే నేరం. మన సర్కారు పెట్టిన నేరమే. ఎవరు తెచ్చిన్రు, ఎవరు తలుపు తీసిన్రు, నేను రాయాల్సి వస్తది."

"రాయి సార్. తారీఖు వేసి రాయి. మల్ల కొట్లాడుకోవద్దు, ఎప్పుడు మొదలైందని."

ఆయన పక్కకు జరగలేదు. ముందుకు కూడా రాలేదు. అలా నిలబడిపోయాడు.

ఓదెలు పిడి మీద చెయ్యి వేశాడు. 

"తెరువాల్నా అక్కా?"

నాడు అతన్ని తెరవమన్నది ఇన్‌స్పెక్టర్. ఇవాళ నన్ను అడిగాడు.

"తెరువు," అన్నాను.

సువర్ణ వెళ్లింది. అద్దంలోంచి చూస్తున్నాను. దిబ్బ మీద ఒక్కొక్కరి దగ్గరా వంగి చూస్తోంది. దానికి తల్లి మొహం తెలియదు. నేనే చెప్పి పంపాను, ఎడమ చెవి తమ్మె చిరిగి ఉంటుందని, చిన్నప్పుడు కమ్మ లాక్కుని నాతో పోట్లాడి చింపుకుందని. చాలాసేపటికి ఒకచోట మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత మంచు బండి మీద ఎత్తుకుని లాక్కొచ్చింది.

అవతలి తలుపు మూసి, గాలి నింపి, ఇవతలిది తీశాడు ఓదెలు. సువర్ణ తొడుగు తల తీసేసింది. జుట్టంతా చెమట. బండి మీద సోమలక్ష్మి. పోయిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. తల్లి కంటే కూతురు పెద్దది. సువర్ణ చెంప మీద సన్నగా ముడత మొదలైంది, సోమలక్ష్మికి అది కూడా లేదు.

"ఇది పిల్ల గదవ్వా," అంది సువర్ణ. "మా అమ్మ పిల్ల."

కుడి చెయ్యి పిడికిలి బిగిసి ఉంది, చూపుడు వేలొక్కటి బయటికి ఉంది. దాని కొసన పచ్చగా ఉంది. ఇన్నేళ్ల మంచులో ఆరిపోలేదు. వైకుంఠం సార్ వంగి ఆ వేలును చూశాడు.  పండుగ కోసం వేసుకున్న కండువా తీసి, ఆ పిల్ల కాళ్ల మీద కప్పాడు. అది కూడా రాస్తావా సార్ అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

సోమలక్ష్మిని సువర్ణ తొట్టెలోనే కలిపాం. ఆ డ్రమ్ము తోడు పాచే కదా అందులో ఉన్నది.

రేపు నన్నూ ఓదెలునూ విచారణకు పిలుస్తారట. వెళ్తాం. కమిటీకి నా వాదన ఇంకొక్కటి మిగిలింది, రాసుకోండి. తారీఖు ఎక్కడ పెట్టుకుంటారో పెట్టుకోండి, మొదలైంది మాత్రం నా బిడ్డ గడప మీదే. కానీ ఓదెలు పోతే తొట్టెలోనే కలపాలి. నేను అతన్ని క్షమించలేదు. కలపమంటున్నాను. రెండూ వేరు.

కలిపేటప్పుడు తెడ్డు నేనే పట్టాను. భుజం లేవదని మొదట్లో రాయించాను కదా, లేచింది. నీళ్లు ఒక చుట్టు తిరిగాయి, మళ్లీ పచ్చబడ్డాయి. పక్క తొట్టెల వాళ్లంతా ఆగి చూస్తున్నారు. ఎవరూ అడగలేదు. అడిగిన మనిషి ఎప్పుడో అడిగింది, గొట్టం మూసేశారు కాబట్టి జవాబు బాకీ ఉండిపోయింది.

"కలిపిన బిడ్డా," అన్నాను.